పెదవులకూ యూనిఫారమేనా?

మా అక్కయ్య మనవరాలు హైదరాబాదులో ఓ ప్రకటనల కంపెనీలో పనిచేస్తోంది. కొత్త వాటాలోకి మారాను, వచ్చి చూసి వెళ్ళమని ఒకటే గొడవ. సరే కదా అని కాసిని జంతికలూ, ఓ ఆవకాయ సీసా పట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టగానే, ఎదురుగోడమీద దేవుడి పటం ఉండాల్సిన చోట, ఫ్రేము కట్టిన పాత ఇంగ్లీషు ప్రకటన ఒకటి కనిపించింది. పైన పెద్ద అక్షరాలతో 'యుద్ధం, స్త్రీలు, లిప్‌స్టిక్' అని ఉంది.

"ఇదేమిటే తల్లీ?" అన్నాను.

"1943 నాటి ప్రకటన చిన్నమ్మమ్మా! టాంజీ అని అమెరికాలో లిప్‌స్టిక్ కంపెనీ. రెండో ప్రపంచ యుద్ధంలో మిలటరీలో చేరిన ఆడవాళ్ళని ఉద్దేశించి రాశారు. ఎనభై ఏళ్ళ కిందటే ఆడవాళ్ళకి ఎంత గౌరవం ఇచ్చారో చూడు!" అంది మురిసిపోతూ.

కళ్ళజోడు తుడుచుకుని చదివాను. కాఫీ తాగి, కబుర్లు చెప్పి ఇంటికొచ్చేశాను. కానీ ఆ 'గౌరవం' అనే మాట మాత్రం పంటి సందున ఇరుక్కున్న పీచులా నన్ను వదల్లేదు. ఇదిగో, ఇవాళ మీ ముందు కూర్చుని తీసి పారేద్దామని!

ముందుగా ఆ ప్రకటనలో ఏముందో నా మాటల్లో చెబుతాను. చరిత్రలో మొదటిసారిగా యుద్ధంలో స్త్రీశక్తి లెక్కలోకి వచ్చిందట. మగవాళ్ళ పనులన్నీ మీరు చేస్తున్నారు, అయినా మీ ఆడతనం పోగొట్టుకోలేదు, భేష్ అంటుంది. ఏ లిప్‌స్టిక్కూ, అది మాదైనా సరే ఇంకొకరిదైనా సరే, యుద్ధాన్ని గెలిపించదని వినయంగా ఒప్పుకుంటుంది. ఆ వెంటనే అసలు మాట వస్తుంది. మనం దేనికోసం పోరాడుతున్నామో ఆ కారణాల్లో ఒకదానికి లిప్‌స్టిక్ గుర్తట. ఏమిటయ్యా ఆ కారణం అంటే, ఎటువంటి పరిస్థితిలోనైనా ఆడది ఆడదానిలా, అందంగా ఉండగలిగే అమూల్యమైన హక్కట! కింద సంతకం ఆ కంపెనీని నడిపే ఆవిడది, కాన్‌స్టెన్స్ లఫ్ట్ హన్ అని. ఆడవాళ్ళకి ఆడమనిషే చెప్పిందన్నమాట.

బాగా రాసింది, కాదనను. ఆ 'హక్కు' అనే మాట దగ్గరే నాకు తగాదా వచ్చింది.

లిప్‌స్టిక్‌తో నాకేం తగాదా లేదు సుమండీ. కాటుక పెట్టుకోకుండా గడప దాటని మనిషిని నేను. పెట్టెలో క్యూటికురా పౌడరు డబ్బా దాచుకుని పెరిగినదాన్ని. అలంకరణ పాపమనీ, ఆడది సాదాగా ఉంటేనే గొప్పనీ చెప్పే పెద్దమనుషులు ఒకరు కాదు, అటు జర్మనీలోనూ ఉండేవారు. అసలైన జర్మన్ స్త్రీ మొహానికి రంగు పూసుకోదు, సిగరెట్టు తాగదు అని నాజీల సిద్ధాంతం. అందుకనే అటు ఇంగ్లండులోనూ, ఇటు అమెరికాలోనూ ఎర్ర లిప్‌స్టిక్ వేసుకోవడం హిట్లరుని వెక్కిరించినట్టు అయిందట. ఆ వెక్కిరింత నాకూ ఇష్టమే. ఒక అమ్మాయి తన ముచ్చట కోసమో, ఎవణ్ణో వెక్కిరించడానికో రంగు వేసుకుంటే నాకేం అభ్యంతరం? ఆ ముచ్చటని కంపెనీలవాళ్ళు ఎత్తుకెళ్ళి, దేశసేవ అని ముద్రవేసి, తిరిగి ఆ అమ్మాయికే అమ్మడం మొదలుపెట్టారే, అక్కడ వచ్చింది నా కోపం.

ఎలా అమ్మారో చూడండి. ఇంగ్లండులో సైక్లాక్స్ అనే కంపెనీ 'ఆగ్జిలరీ రెడ్' అని ఒక రంగు తీసింది. సైన్యానికి సహాయక దళాలుగా ఉన్న స్త్రీలకోసం ప్రత్యేకమట. హెలెనా రూబిన్‌స్టీన్ కంపెనీ 'రెజిమెంటల్ రెడ్' అంది. ఎలిజబెత్ ఆర్డెన్ అందరినీ మించిపోయింది. అమెరికాలో మెరీన్ దళంవాళ్ళు 1943 ఫిబ్రవరిలో ఆడవాళ్ళను తీసుకోవడం మొదలుపెట్టారు. ఆకుపచ్చ యూనిఫారం, టోపీచుట్టూ ఎర్రతాడు. లిప్‌స్టిక్కూ గోళ్ళరంగూ వేసుకునేవాళ్ళు ఆ ఎర్రతాడుకి సరిపోయే రంగే వేసుకోవాలని నియమం. ఆర్డెన్ సరిగ్గా ఆ తాడుకి జోడీ కుదిరేలా 'మాంటెజూమా రెడ్' తయారుచేసి పెట్టింది. మెరీన్లు పాడుకునే పాటలో వచ్చే పేరు అది. మన పెళ్ళిళ్ళలో చీర అంచుకి సరిపోయే గాజులు కొంటాం చూడండి, అచ్చు అలాగే. కాకపోతే మన గాజులకి సర్కారు ఉత్తర్వు ఉండదు.

యార్డ్‌లీ వారిది ఇంకో ప్రకటన, 1942 నాటిది. దాని పేరే 'లొంగిపోవద్దు'. ఎవరికి లొంగకూడదు? శత్రువుకి కాదు, అశ్రద్ధకి! మనం మగవాళ్ళతో సమాన హక్కులు కావాలన్నాం, వాళ్ళు మన మాట మన్నించారు అని మొదలుపెడుతుంది. ఇక ఆ తర్వాత వరస చూడండి. పని ఒక్కటే మన బాధ్యత కాదట. మన సొంత కష్టాలు మన మొహంలో కనబడకూడదట. మగవాడిలా సమర్థంగా పనిచెయ్యాలిట గాని మొరటుదనం రాకూడదట. అందానికీ ధైర్యానికీ సూక్ష్మమైన చుట్టరికమట.

ఆ రోజుల్లో లండను మీద బాంబులు పడ్డాయి. రాత్రంతా నేలమాళిగలో పిల్లలతో కూర్చుని, తెల్లారాక ఇల్లు ఉందో లేదో చూసుకుని, డ్యూటీకి వెళ్ళిన ఆడది ఆ మొహంలో కష్టం కనబడనివ్వకూడదు! మొగుడు యుద్ధంలో పోయాడని తంతి వచ్చినా సరే, అద్దం చూసుకుని రావాలి కాబోలు. ఇలా అని మగ సైనికుడికి ఎవరైనా చెప్పారా? గడ్డం నున్నగా గీసుకోమన్నారు, బూట్లు మెరవాలన్నారు. అది క్రమశిక్షణ. నీ కళ్ళకింద నల్లచారలు చూస్తే దేశానికి దిగులు పుడుతుందని మాత్రం అతనితో అనలేదు.

ఇంకో విచిత్రం. ఇన్ని ప్రకటనలు వేశారు గదా, సరుకు దొరికేదా అంటే అదీ లేదు. ఇంగ్లండులో 1940లో ఉత్తర్వు వేసి, అలంకరణ సామగ్రి తయారీని యుద్ధానికి ముందున్న దాంట్లో నాలుగోవంతుకి దించేశారు. దానిమీద పన్ను వేరే. పాపం, ఆడవాళ్ళు బీట్‌రూట్ రసం పెదాలకి పూసుకున్నారు. మసి కంటిరెప్పలకి పెట్టుకున్నారు. నైలాను అంతా పారాచ్యూట్లకి పోయి మేజోళ్ళు దొరక్కపోతే, కూర రసంలో రంగుకోసం వేసే పొడిని కాళ్ళకి పులుముకుని, పిక్కల వెనక కనుబొమల పెన్సిలుతో కుట్టుగీత గీసుకున్నారు. వాన పడితే సంగతి మీరే ఊహించుకోండి.

సరుకు లేనప్పుడు ప్రకటన ఎందుకండీ అని నాకు మొదట్లో అర్థం కాలేదు. అమెరికా సంగతి చదివాక తెలిసింది. అక్కడ యుద్ధకాలంలో ఒక దశలో కంపెనీల అదనపు లాభాలమీద 90 శాతం పన్ను వేశారు. అయితే ప్రకటనలకి పెట్టిన ఖర్చు, మరీ విపరీతం కాకపోతే, లాభంలోంచి తీసేసి లెక్క చూపించుకోవచ్చన్నారు. అంటే ఆ పన్ను పడే కంపెనీ నూరు డాలర్లు ప్రకటనకి ఖర్చుపెడితే, నిజంగా జేబులోంచి పోయేవి పది డాలర్లే. మిగతా తొంభై ఎలాగూ సర్కారుకి పోవలసినవి. మరి పత్రికల్లో పేజీలకి పేజీలు కొనుక్కోక ఏం చేస్తారు? యుద్ధం అయ్యేదాకా జనం తమ పేరు మరిచిపోకుండా ఉంటే చాలు. దానికి యూనిఫారం వేసుకున్న ఆడపిల్ల మొహం కన్నా మంచి గోడ ఎక్కడ దొరుకుతుంది!

అమెరికా సర్కారు కూడా 1942 జూలైలో అలంకరణ సామగ్రి తయారీమీద ఆంక్షలు పెట్టింది. కొద్ది నెలలకే వెనక్కి తీసుకుంది. ఆడవాళ్ళ ఉత్సాహం దెబ్బతింటుందని అన్నారు. ఎంత శ్రద్ధ! అంత శ్రద్ధా ఆ ఆడవాళ్ళ జీతాల విషయంలో చూపించారా అన్నదే నా ప్రశ్న.

అసలు లెక్కలు చూద్దాం. ఇంగ్లండులో 1941 డిసెంబరులో చట్టం చేసి 20 నుంచి 30 ఏళ్ళ మధ్య వయసున్న పెళ్ళికాని స్త్రీలను యుద్ధసేవకి పిలిచారు. ఏ.టి.ఎస్. అనే స్త్రీల దళంలో ఉన్న వాళ్ళకి అదే స్థాయి మగవాడి జీతంలో మూడింట రెండు వంతులు ఇచ్చారు. ఆ దళంలో అమ్మాయిలు శత్రు విమానాలను కూల్చే ఫిరంగుల దగ్గర పనిచేశారు. ప్రధాని చర్చిల్ కూతురు మేరీ కూడా వాళ్ళలో ఒకతె. విమానం ఎంత ఎత్తులో ఉంది, ఎంత వేగంతో వస్తోంది, గుండు ఎక్కడ పేలాలి, ఈ లెక్కలన్నీ ఆడపిల్లలే వేసేవారు. కానీ ఫిరంగి పేల్చే పని మాత్రం వాళ్ళకివ్వలేదు. అది మగవాడే చెయ్యాలి. వంటంతా మనం చేస్తే, వడ్డించి మెప్పు కొట్టేసే మరిది ప్రతి ఇంట్లోనూ ఉంటాడు కదా!

ఇంకోటి వింటే ఒళ్ళు మండుతుంది. బాంబు దాడిలో గాయపడ్డ పౌరులకి ఇచ్చే పరిహారం కూడా ఆడదానికి తక్కువే. మగవాడి కాలు విరిగితే ఒక రేటు, ఆడదాని కాలు విరిగితే ఇంకో రేటు. పార్లమెంటులో మేవిస్ టేట్, ఈడిత్ సమ్మర్‌స్కిల్ వంటి స్త్రీ సభ్యులు పోట్లాడితే 1943లో గాని సమానం చెయ్యలేదు. జర్మన్ బాంబు కూడా ఆడా మగా చూసి పడలేదు గదా, పరిహారం మాత్రం చూసింది!

అమెరికాలో 1942 మేలో స్త్రీల దళం ఒకటి పెట్టి దానికి 'సహాయక' అని పేరు తగిలించారు. అంటే సైన్యంతో ఉంటారు గాని సైన్యంలో ఉండరు. సైనికుల హోదా లేదు, వాళ్ళకున్న రక్షణలు లేవు. 1943 జూలైలో ఆ 'సహాయక' అనే తోక తీసేశాకే నిజమైన సైనికులయ్యారు. సరిగ్గా అదే ఏడు వాళ్ళమీద దేశమంతా నీలివార్తలు లేచాయి. మిలటరీలో చేరిన ఆడది మంచిది కాదని, వాళ్ళని ఎందుకు తీసుకున్నారో మాకు తెలుసునని గుసగుసలు. ఒక పత్రికా రచయిత ఏకంగా పచ్చి అబద్ధం అచ్చు వేసేశాడు. ప్రభుత్వం శత్రువుల పనేమోనని విచారణ చేయిస్తే, ఆ మాటలు చాలావరకూ మన మగ సైనికుల నోళ్ళలోంచి పుట్టినవేనని తేలింది.

ఇప్పుడు ఆ అమ్మాయి స్థితి ఆలోచించండి. రంగు వేసుకోకపోతే మగరాయుడు. వేసుకుంటే నడతలేనిది. ఇంగ్లండులో 1941లో అబ్రామ్ గేమ్స్ అనే చిత్రకారుడు స్త్రీల దళంలో చేరమని ఒక పోస్టరు వేశాడు. బంగారు జుట్టు, ఎర్రటి పెదవులు, వాలుగా టోపీ. మరీ సింగారంగా ఉందని పార్లమెంటులో ఒక స్త్రీ సభ్యురాలే అభ్యంతరం చెబితే ఆ పోస్టరు తీసేశారు. సర్కారు గోడమీద తప్పయిన ఎర్ర పెదవి, పత్రికలోని ప్రకటనలో దేశభక్తి అయి కూర్చుంది! ప్రకటనల వాళ్ళు ఈ రెండు భయాలనీ పట్టుకున్నారు. నువ్వు మగవాడివి అయిపోలేదని లోకానికి చూపించు, అదీ మర్యాదగా చూపించు, అందుకు మా రంగు ఉంది అన్నారు. పాండ్స్ వారు ఆ ఏళ్ళలోనే ఒక వరస ప్రకటనలు వేశారు. అమ్మాయి యుద్ధానికి సంబంధించిన పని ఏదో చేస్తూ ఉంటుంది. పక్కన ఆమె ఉంగరం బొమ్మ. ఈమెకి పెళ్ళి నిశ్చయమైంది, అందంగా ఉంది, మా క్రీము వాడుతుంది అని చెప్పడం. పని ఎంత చేసినా చివరికి ఉంగరం వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. ఈ పాట మనకి కొత్తా?

ఈ కథ మొత్తం ఒక్క మనిషి జీవితంలోనే కనిపిస్తుంది. ఆవిడ పేరు జాక్విలిన్ కాక్రన్. చిన్నప్పుడు కటిక దరిద్రం. పత్తిమిల్లులో పనిచేసింది, తర్వాత న్యూయార్కులో ఆడవాళ్ళకి జుట్టు దిద్దే పని చేసింది. 1932లో విమానం నడపడం నేర్చుకుంది. 1935లో సొంతంగా అలంకరణ సామగ్రి కంపెనీ పెట్టింది. 1938లో పెద్ద విమాన పందెం గెలిచి దిగేటప్పుడు, తలుపు తియ్యకముందే అద్దం తీసి లిప్‌స్టిక్ సరిచేసుకుందిట. భలే మనిషి! 1943లో అమెరికా వైమానికదళం కోసం విమానాలు నడిపే స్త్రీల బృందానికి ఆవిడే అధిపతి అయింది. వాస్ప్ అంటారు దాన్ని. వెయ్యిమందికి పైగా ఆడవాళ్ళు అందులో విమానాలు నడిపారు. ఫ్యాక్టరీలో తయారైన విమానాలను స్థావరాలకి చేర్చడం, మరమ్మతు చేసినవి బాగున్నాయో లేదో ఎగిరి చూడటం, గుళ్ళు పేల్చడం నేర్చుకునే మగవాళ్ళకోసం వెనకాల గుడ్డ గురి కట్టుకుని ఎగరడం. ఆ గుళ్ళు నిజం గుళ్ళేనండోయ్. మొత్తం 6 కోట్ల మైళ్ళు ఎగిరారు. 38 మంది చచ్చిపోయారు.

వాళ్ళకి సైనిక హోదా లేదు. లెక్క ప్రకారం సివిల్ ఉద్యోగులు. ఎవరైనా చచ్చిపోతే శవపేటికమీద జెండా కప్పే మర్యాద లేదు. శవాన్ని ఇంటికి పంపడానికి సైన్యం డబ్బివ్వదు. తోటి అమ్మాయిలు తలా ఇంత చందా వేసుకుని పంపేవారు. సైనిక హోదా ఇవ్వమని కాక్రన్ పోరాడింది. 1944 జూన్‌లో ఆ బిల్లు ఓడిపోయింది. డిసెంబరు 20న ఆ బృందాన్నే మూసేశారు. వాళ్ళని మాజీ సైనికులుగా గుర్తించే చట్టం 1977లో వచ్చింది. ముప్ఫై మూడేళ్ళు!

ఇప్పుడు చెప్పండి. ఆ అమ్మాయి పెదవిమీద రంగుకి 1943లోనే పూర్తి గౌరవం దక్కింది. ఆ అమ్మాయి శవంమీద జెండాకి మాత్రం ఎవరూ ప్రకటన వెయ్యలేదు.

అందరు ఆడవాళ్ళకీ ఆ అద్దం చూపించారా అంటే అదీ లేదు. నా మనవరాలు చూపించిన పాత ప్రకటనల కట్టలో ఒక్క నల్లజాతి స్త్రీ మొహం లేదు. 1945లో మేజర్ ఛారిటీ ఆడమ్స్ ఆధ్వర్యంలో 855 మంది నల్లజాతి స్త్రీల దళం ఒకటి ఇంగ్లండు వెళ్ళింది. బర్మింగ్‌హామ్‌లో కొండల్లా పేరుకుపోయిన సైనికుల ఉత్తరాలను విడదీసి పంపడం వాళ్ళ పని. ఆరు నెలలు పడుతుందన్న పనిని మూడు నెలల్లో తేల్చి పారేశారు. సైనికుడికి ఉత్సాహం ఇచ్చేది ఇంటినించి వచ్చిన ఉత్తరమా, ఎవరిదో ఎర్ర పెదవా? ఉత్సాహం పేరుతో పేజీలు నింపిన కంపెనీలకి ఈ 855 మంది కనిపించలేదు. వాళ్ళకి అమెరికా కాంగ్రెసు బంగారు పతకం చట్టం 2022లో వచ్చింది.

నామీద మీరు వెయ్యబోయే ప్రశ్న నాకు తెలుసు. "ఏమిటండీ, కష్టకాలంలో కాస్త రంగు వేసుకుంటే మనసుకి ఊరట కాదా?" అంటారు. ఎందుకు కాదు! 1945 ఏప్రిల్‌లో బెల్సెన్ అనే నాజీల శిబిరాన్ని ఇంగ్లీషు సేన విడిపించింది. శవాల మధ్య, అస్థిపంజరాల్లాంటి మనుషులు. అక్కడికి ఎవరు పంపారో ఏమో పెట్టెలకొద్దీ లిప్‌స్టిక్‌లు వచ్చాయట. అన్నం, మందులు, బట్టలు చాలనిచోట ఇదేం పిచ్చి అనుకున్నాడుట అక్కడి వైద్యదళం అధికారి గోనిన్. తీరా చూస్తే, ఒంటిమీద చొక్కా కూడా లేని ఆడవాళ్ళు పెదాలకి ఎర్రరంగు వేసుకుని, భుజంమీద దుప్పటి కప్పుకుని తిరుగుతున్నారట. చేతిమీద పొడిచిన అంకెగా మిగిలిపోయిన మనిషి మళ్ళీ మనిషయిందని ఆయన రాసుకున్నాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. నా వాదనకి ఇదే సాక్ష్యం అనుకున్నాను కూడా. బెల్సెన్‌లో ఆ స్త్రీలకి ఎవరూ ఇది మీ విధి అని చెప్పలేదు. మీ మొహం చూసి మగవాళ్ళు ఉత్సాహపడాలి అనలేదు. యూనిఫారం తాడుకి సరిపోయే రంగు కావాలనలేదు. చేతికొచ్చింది, ఇష్టమైంది, వేసుకున్నారు. ఇష్టంలేని ఆమె వేసుకోకపోతే అడిగేవాడు లేడు. హక్కు అంటే అదీ. వద్దనుకుంటే వదిలేసే వీలుండాలి. వదిలేస్తే దేశద్రోహం, అశ్రద్ధ, మొరటుదనం అని పేర్లు పెట్టేది హక్కెలా అవుతుంది? అది ఎనిమిది గంటల డ్యూటీ తర్వాత జీతం లేకుండా చేసే ఇంకో డ్యూటీ.

ఈ యుద్ధం మనకి దూరంది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ ఏడే మన దేశంలోనూ ఇంగ్లీషు ప్రభుత్వం స్త్రీల సహాయక దళం పెట్టింది. తర్వాత నౌకాదళానికీ ఒక స్త్రీల శాఖ వచ్చింది. అందులో అధికారిగా ఉన్న కల్యాణీ సేన్ 1945లో చీరకట్టుతోనే బ్రిటన్ వెళ్ళి అక్కడి నౌకాదళంలో స్త్రీలు ఎలా పనిచేస్తున్నారో చూసి వచ్చింది. ఇక టిప్పు సుల్తాను వంశానికి చెందిన నూర్ ఇనాయత్ ఖాన్ ఉంది. ఇంగ్లీషు వైమానిక దళం స్త్రీల విభాగంలో చేరి, 1943 జూన్‌లో శత్రువుల చేతిలో ఉన్న ఫ్రాన్సులో రహస్యంగా దిగి, పారిస్ నుంచి వైర్‌లెస్ సందేశాలు పంపింది. 1944 సెప్టెంబరు 13న డాఖౌ శిబిరంలో ఆమెని చంపేశారు. 1949లో జార్జి క్రాస్ ఇచ్చారు. ఆమె పని ఎవరి కంటా పడకుండా ఉండటం. అందంగా కనిపించడం దేశసేవ అని చెప్పిన ఆ కంపెనీలవాళ్ళు, ఎవరికీ కనిపించకుండా దేశసేవ చేసిన ఈ పిల్లకి ఏ రంగు అమ్మి ఉండేవారో!

యుద్ధం అయిపోయాక ఆ ప్రకటనలు కూడా యూనిఫారం విప్పేశాయి. అమెరికాలో 1948లో స్త్రీలకి సైన్యంలో శాశ్వతంగా చోటిస్తూ చట్టం చేశారు గాని, నూటికి ఇద్దరికి మించకూడదని గీత గీశారు. ఆ గీత చెరిపింది 1967లో. మన దేశంలో వైద్యవిభాగం కాక తక్కిన శాఖల్లోకి స్త్రీలను అధికారులుగా తీసుకోవడం 1992లో మొదలైంది. వాళ్ళకి శాశ్వత కమిషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 17న తీర్పు చెప్పింది. అంతకాలం కోర్టుల చుట్టూ తిరిగిన ఆ అధికారిణులు అడిగిందేమిటి? హోదా, పదోన్నతి, పెన్షను. ఎర్రరంగు మాత్రం ఎవరూ అడగలేదు.

అదే 2020లో కరోనా వచ్చింది. మాస్కులు ఒరుసుకుపోయి, చెంపలు కందిపోయిన నర్సుల, డాక్టర్ల మొహాలతో డవ్ సబ్బు కంపెనీ ప్రకటన వేసింది. ధైర్యమే అందం అని దాని సారాంశం. మొహాలకి రంగు పులమకుండా చూపించారు, విరాళాలూ ఇచ్చారు. సంతోషమే. అయినా నా మనసు ఊరుకోదు. ధైర్యాన్ని ధైర్యం అంటే చాలదా? దాన్ని కూడా అందం ఖాతాలో జమ చేస్తేనే ఆడదానికి లెక్కకొస్తుందా? యుద్ధానికి వెళ్ళినా, రోగుల మధ్య నిలబడినా, చివరికి మన మొహందే తీర్పు!

ఇంతా రాసి మనవరాలికి ఫోను చేసి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. ఆ వ్యాపారంలోనే ఉన్న పిల్ల, చిన్నబుచ్చుకుందేమో అనుకున్నాను.

"అయితే ఆ బొమ్మ తీసెయ్యమంటావా చిన్నమ్మమ్మా?" అంది చివరికి.

"వద్దే. బాగా రాసిన ప్రకటన, చూసి పని నేర్చుకో. కాకపోతే పక్కన ఇంకో బొమ్మ పెట్టు" అన్నాను.

ఏ బొమ్మో కూడా చెప్పాను. 1944లో తీసిన ఫోటో అది. నాలుగు ఇంజన్ల పెద్ద బాంబరు విమానం దగ్గర్నించి నలుగురు వాస్ప్ అమ్మాయిలు నడిచి వస్తూంటారు. వాళ్ళ దగ్గర పారాచ్యూట్లు, గాలికి చెదిరిన జుట్టు. ఒకళ్ళ మొహాన్నీ ఎవరూ సర్దలేదు. ఇప్పుడే ఆ కొండంత విమానాన్ని నడిపి దిగామన్న సంతోషం మాత్రం నలుగురి నడకలోనూ కనిపిస్తుంది.

మర్నాడు పిల్ల ఫోను చేసింది. "బొమ్మ దొరికింది చిన్నమ్మమ్మా, ఫ్రేముకిచ్చాను. కానీ అది నలుపూ తెలుపూ ఫోటో. వాళ్ళు లిప్‌స్టిక్ వేసుకున్నారో లేదో తెలియడం లేదు" అంది.

"తెలియకపోతే పోనీవే. మనకెందుకూ?" అన్నాను.